జలప్రళయ గాథ: కొలతకు అందేదీ, అందనిదీ

జలప్రళయ గాథను పాఠంగా చెప్పే తరగతిలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఇది నిజంగా జరిగిందా?" అన్నదే ఆ ప్రశ్న. దీనికి రెండు రకాల జవాబులు మనం తరచుగా వింటూ ఉంటాం. పూర్వులకు ఆధునిక విజ్ఞానమంతా తెలుసుననీ, కథలోని ప్రతి మాటకూ శాస్త్ర సమర్థన ఉందనీ మొదటి వర్గంవారు అంటారు. అంత నీరు భూమ్మీద లేదు కనుక కథ అబద్ధమనీ, అబద్ధాన్ని చదవడం కాలహరణమనీ రెండవ వర్గంవారు అంటారు. ఈ ఇద్దరూ పరస్పర విరోధులుగా కనిపించినా, చేతిలో ఉన్న కొలబద్ద మాత్రం ఒక్కటే. కథ విలువ అది జరగడం మీదనే ఆధారపడి ఉందన్నది ఇద్దరూ ఒప్పుకున్న సూత్రం.

ఈ ప్రశ్నను సాహిత్య విద్యార్థి దాటవేయకూడదని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. ముందుగా కొలవవలసింది సక్రమంగా కొలిచి, వచ్చిన ఫలితాన్ని నసగకుండా చెప్పాలి. ఆ తరువాతనే, కథలో అంకెలు ఎందుకు వచ్చాయి, ఏం పనిచేస్తున్నాయి అన్న విచారణలోకి దిగాలి. మొదటిది చేయకుండా రెండవది చేస్తే తప్పించుకోవడం అవుతుంది. మొదటిదానితోనే ఆగిపోతే సాహిత్యం చదివినట్టు కాదు.

1. కొలతలు చెప్పే కథలు

జలప్రళయాన్ని అంకెలతో చెప్పిన గ్రంథాలలో ఎక్కువమందికి పరిచయమైనది బైబిలులోని ఆదికాండం. నోవహు ఓడ 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. నలభై పగళ్లు, నలభై రాత్రులు వర్షం. ఎత్తయిన పర్వతాలన్నీ మునిగి, వాటిపైన మరో 15 మూరల నీరు. నోవహు వయస్సులో 600వ సంవత్సరం రెండవ నెల 17వ రోజున ప్రళయం మొదలైంది. ఏడవ నెల 17వ రోజున ఓడ అరారాతు పర్వతాల మీద నిలిచింది. మరుసటి సంవత్సరం రెండవ నెల 27వ రోజుకు నేల ఆరింది. ఇంత వివరంగా తేదీలు వేసి చెప్పిన ప్రళయం మరొకటి దొరకడం కష్టం.

ఈ కథకు పూర్వరూపం మెసొపొటేమియాలో ఉందన్న సంగతి 1872 డిసెంబరు 3న వెల్లడి అయింది. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తున్న జార్జి స్మిత్ నినెవె నుంచి వచ్చిన మట్టిపలకలను చదివి, గిల్గమెష్ కావ్యం పదకొండవ పలకలో ప్రళయ కథ ఉందని ఆనాటి సభలో ప్రకటించాడు. అందులో ఉత్నపిష్టిం ఓడ ఎటు చూసినా 120 మూరల ఘనాకారం, ఏడు అంతస్తులు. తుఫాను ఆరు పగళ్లు, ఏడు రాత్రులు. నేల కోసం అతడు పావురాన్ని, వానకోవెలను, కాకిని వరుసగా వదిలిపెడతాడు. నోవహు వదిలింది కాకిని, పావురాన్ని. ఇంత దగ్గర పోలిక యాదృచ్ఛికం కాజాలదు. దీనికన్నా పాతదైన అత్రహసిస్ గాథను లాంబర్ట్, మిల్లార్డ్ అనే పండితులు 1969లో పరిష్కరించి ప్రకటించారు.

2014లో ఇర్వింగ్ ఫింకెల్ ప్రచురించిన మరో పలక మన చర్చకు మరింత ముఖ్యమైనది. సుమారు క్రీ.పూ. 1750 నాటి ఆ పలకలో ఓడ గుండ్రంగా ఉంది. అంటే పుట్టి. తుంగభద్ర మీద హంపి దగ్గర, కావేరి మీద హొగెనక్కల్ దగ్గర మనవారు ఎక్కే పుట్టి, కన్నడంలో హరిగోలు, తమిళంలో పరిసల్ అనేది ఏ ఆకారమో ఆ ఆకారమే. తాడును బుట్టలా చుట్టి, జలనిరోధం కోసం శిలాజతు పూయాలని ఆ పలక చెబుతుంది. దాని అడుగు వైశాల్యం ఒక 'ఇకు', అంటే నేటి లెక్కలో 3,600 చదరపు మీటర్లు. అంత పెద్ద పుట్టి అల్లడానికి ఎంత తాడు కావాలో లేఖకుడు లెక్కవేసి రాశాడు. అది సుమారు 527 కిలోమీటర్లకు సమానం. గణితజ్ఞుల సహాయంతో ఫింకెల్ సరిచూస్తే ఆ లెక్క దాదాపుగా సరిపోయింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. గుండ్రని ఓడ అడుగు వైశాల్యం ఒక ఇకు. గిల్గమెష్ కావ్యంలోని చదరపు ఓడ అడుగు 120ని 120తో హెచ్చిస్తే 14,400 చదరపు మూరలు. అదీ ఒక ఇకు. నోవహు ఓడ 300ని 50తో హెచ్చిస్తే 15,000 చదరపు మూరలు. వెయ్యి సంవత్సరాలకు పైబడిన కాలంలో ఓడ ఆకారం గుండ్రం నుంచి చదరానికి, చదరం నుంచి దీర్ఘచతురస్రానికి మారింది. వైశాల్యం మాత్రం దాదాపుగా నిలిచింది. నిజంగా కట్టిన ఓడను చూసి రాసినవారైతే ఆకారం గుర్తుండి అంకె మరచిపోవడం సహజం. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. అంకె గ్రంథం నుంచి గ్రంథానికి ప్రయాణం చేసింది. కనుక ఈ కొలతలు ఓడరేవు నుంచి వచ్చినవి కావు, లేఖకుల బడి నుంచి వచ్చినవి.

ఆదికాండంలోని తేదీలను కూడా ఇదే దృష్టితో చూడవచ్చు. రెండవ నెల 17 నుంచి ఏడవ నెల 17 వరకు సరిగ్గా అయిదు నెలలు. నెలకు ముప్పై చొప్పున 150 రోజులు. మొత్తం ప్రళయకాలం ఒక సంవత్సరం, పదకొండు రోజులు. చాంద్రమానపు 354 రోజులకు 11 కలిపితే సౌరసంవత్సరపు 365 రోజులు. నీరు పర్వతాలపైన 15 మూరలు పెరిగిందనడంలోని అంతరార్థమూ ఇలాంటిదే. ఓడ ఎత్తు 30 మూరలు. సగం నీటిలో మునిగి ఉంటుందనుకుంటే, అడుగు శిఖరాలకు తగలకుండా పోవడానికి 15 మూరలు సరిపోతాయి. అంటే ఈ అంకె కథలోని మరో అంకెకు జవాబు చెబుతోంది. ప్రకృతిని కొలిచి తెచ్చినది కాదు.

2. నీటి లెక్క

అయినా కొలతలు ఇచ్చిన కథను కొలవడం అన్యాయం కాదు. కొలిచి చూద్దాం.

ప్రపంచంలో అత్యున్నతమైన ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. భూమి ఉపరితలం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఆ ఎత్తు వరకు నీరు నిలవాలంటే, ఇప్పుడు సముద్రాలలో ఉన్న నీటికి మూడు రెట్లకు పైగా అదనపు నీరు కావాలి. వాతావరణంలో ఆవిరి రూపంలో ఉన్న నీరంతా ఒక్కసారి వర్షించినా భూమి మొత్తం మీద నిలిచేది రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ధ్రువాలలోని, పర్వతాలలోని మంచంతా కరిగితే సముద్రమట్టం 65 నుంచి 70 మీటర్లు పెరుగుతుంది. అంతకు మించి అందుబాటులో ఉన్న నిల్వ లేదు.

నీరు ఎక్కడి నుంచో వచ్చిందని ఒప్పుకున్నా చిక్కు తీరదు. నలభై రోజులలో అంత ఎత్తు నిండాలంటే రోజుకు 220 మీటర్ల వర్షం కురవాలి. గంటకు తొమ్మిది మీటర్లు. ఒక రోజులో కురిసిన వర్షానికి ప్రపంచ రికార్డు 1966 జనవరిలో రీయూనియన్ దీవిలో నమోదైన 1,825 మిల్లీమీటర్లు. ప్రళయానికి కావలసిన వర్షం దానికి నూట ఇరవై రెట్లు. ఆవిరి నీటిగా మారేటప్పుడు వేడి విడుదల అవుతుందన్నది పాఠశాల స్థాయిలో చదివిన విషయమే. ఒక కిలోకు సుమారు 25 లక్షల జౌళ్ల చొప్పున లెక్కిస్తే, ఆ నలభై రోజులూ భూమి మీద ప్రతి చదరపు మీటరుకు సూర్యుని నుంచి వచ్చే శక్తికి నాలుగు వేల రెట్లకు పైగా వేడి పడుతుంది. ఓడా మిగలదు, ఓడలోని ప్రాణులూ మిగలవు.

ఆ నీరు ప్రళయానికి ముందు ఆకాశంలో ఆవిరిపొరగా ఉండేదని కొందరు సమాధానం చెబుతారు. పది మీటర్ల నీటి బరువు ఒక వాతావరణ పీడనానికి సమానం. ఎనిమిదిన్నర కిలోమీటర్ల నీరు ఆకాశంలో ఉంటే నేలమీది మనిషి ఎనిమిది వందల రెట్లకు పైగా పీడనం మోయాలి. భూగర్భంలో సముద్రాలున్నాయని 2014లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు కదా అని మరికొందరు అంటారు. నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన లోతులో రింగ్‌వుడైట్ అనే ఖనిజంలో నీరున్నట్టు ఆనాడు తెలిసిన మాట వాస్తవమే. కాని అది ఖనిజపు స్ఫటికంలో రసాయనికంగా బంధింపబడి ఉన్నది. అక్కడ అలలు లేవు, ఊటలు లేవు. ప్రళయకాలంలో పర్వతాలు పొట్టిగా ఉండేవనీ, ఆ తరువాత పెరిగాయనీ చెప్పే వాదం కూడా నిలవదు. హిమాలయాలు లేవడానికి సుమారు అయిదు కోట్ల సంవత్సరాలు పట్టింది. కొన్ని నెలలలో అంత కదలిక జరిగితే, అది నీటికన్నా పెద్ద విపత్తు.

ఈ లెక్క ఇప్పటి నాస్తికులు కనిపెట్టినదని అనుకోవడం పొరపాటు. 1681లో థామస్ బర్నెట్ అనే మతాచార్యుడే సముద్రాల నీరు చాలదని, ఎనిమిది సముద్రాలంత నీరు కావాలని అంచనా వేశాడు. అంతకు ముందే 1659లో ఐజాక్ వోసియస్ ప్రళయం మనుషులున్న ప్రాంతానికి మాత్రమే పరిమితమని వాదించాడు. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడూ, మతాచార్యుడూ అయిన విలియం బక్‌లాండ్ 1823లో గుహలలోని ఎముకలు, ఇంగ్లండులోని మట్టి గులకరాళ్ల పొరలు ప్రళయానికి సాక్ష్యాలని గ్రంథం రాశాడు. 1836 నాటికి ఆ మాటను తానే ఉపసంహరించుకున్నాడు. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆడం సెడ్జ్‌విక్ 1831లో లండను భూగర్భశాస్త్ర సంఘం అధ్యక్షపీఠం నుంచి తన పూర్వాభిప్రాయాన్ని బహిరంగంగా వదులుకున్నాడు. ఆ మట్టిపొరలు హిమానీనదాల పని అని ఆ తరువాత లూయీ అగస్సీ చూపించాడు. విశ్వాసం ఉన్నవారే, విశ్వాసం వదలకుండానే, సాక్ష్యం ముందు తల వంచారు. ఈ చర్చలో నేర్చుకోదగిన గుణం అదే.

3. నేల చెప్పిన సాక్ష్యం

ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో ప్రకటించిన కాలగణన ప్రకారం ప్రళయం క్రీ.పూ. 2349లో వచ్చింది. ఆ సమయానికి సింధులోయలో హరప్పా, మొహెంజొదారో నగరాలు ఉచ్ఛదశలో ఉన్నాయి. ఈజిప్టులో ఖుఫు పిరమిడు లేచి రెండు శతాబ్దాలు దాటింది. ఆ దేశపు రాజవంశాలు తెంపు లేకుండా కొనసాగుతున్నాయి. మధ్య ఐరోపాలో చెట్ల వలయాలను ఒకదానితో ఒకటి జతచేసి పన్నెండు వేల సంవత్సరాలకు పైబడిన కాలపట్టికను కూర్చారు. జపానులోని సుయిగెత్సు సరస్సు అడుగున ఏటేటా పేరుకున్న మట్టిపొరలు వేల సంవత్సరాల వరుసను చూపుతున్నాయి. అంటార్కిటికాలో తవ్వి తీసిన మంచుస్తంభం ఎనిమిది లక్షల సంవత్సరాల చరిత్ర చెబుతోంది. మంచు నీటిమీద తేలుతుంది. ప్రపంచమంతా మునిగి ఉంటే ఆ మంచుపలక లేచి, విరిగి, కొట్టుకుపోయి ఉండేది. విశ్వవ్యాప్తమైన ప్రళయం జరగలేదన్నది దీనితో తేలిపోయిన విషయం.

అయితే కథ వెనుక ఒక స్థానికమైన వరద ఉండవచ్చు కదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఇది గౌరవించదగిన ప్రశ్న. 1929లో లెనార్డ్ వూలీ ఊర్ నగరంలో తవ్వుతూ మానవ నివాస చిహ్నాలు లేని దళసరి ఒండ్రుపొరను కనుగొని, ప్రళయం దొరికిందని ప్రకటించాడు. అక్కడికి ఇరవై కిలోమీటర్ల దాపులో ఉన్న ఎరిదులో ఆ పొర కనిపించలేదు. కిష్, షురుప్పాక్ నగరాలలో దొరికిన వరదపొరలు వేరు వేరు కాలాలవి. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు పలుమార్లు పొంగాయని మాత్రమే వీటివల్ల తెలుస్తుంది. సుమారు 7,600 సంవత్సరాల క్రితం మధ్యధరా సముద్రం గట్టు తెంచుకుని నల్లసముద్రంలోకి దూకిందని రైయన్, పిట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1998లో గ్రంథం రాశారు. ఆ వేగం, ఆ పరిమాణం మీద వివాదం ఇంకా ఉంది. కాని సాహిత్య విద్యార్థికి మరో అభ్యంతరం తోచాలి. ప్రళయ గాథలలో నీరు తీస్తుంది. ఓడలోనివారు నేలమీద కాలు పెడతారు. నల్లసముద్రంలోకి వచ్చిన నీరు ఈనాటికీ తీయలేదు. కథలోని అతిముఖ్యమైన ఘట్టానికే అక్కడ ఆధారం లేదు.

నదీతీరవాసులకు వరద భయం ఉంటుంది. ఆ భయం కథకు ముడిసరుకు ఇస్తుంది. ఇంతవరకు ఒప్పుకోవచ్చు. ముడిసరుకు దొరికినంతమాత్రాన కథ అర్థం దొరికినట్టు కాదు.

4. మన మత్స్యకథ

ఇక మన వాఙ్మయంలోని కథకు వద్దాం. దీనికి అనేక రూపాంతరాలున్నాయి. వాటిలో నాలుగింటిని కాలక్రమంలో పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది.

శతపథ బ్రాహ్మణంలో మనువు ఉదయం చేతులు కడుక్కునే నీటిలో చిన్న చేప దొరుకుతుంది. పెద్ద చేపలు చిన్న చేపలను మింగుతాయి కనుక తనను పెంచమని, తాను అతణ్ణి రక్షిస్తానని అది చెబుతుంది. కుండ, గొయ్యి, సముద్రం. ఆ తరువాత ఓఘం, ఓడ, ఉత్తర పర్వతం. ఈ కథలో ప్రళయానికి కారణం చెప్పలేదు. పాపమూ లేదు, శిక్షా లేదు. నీరు ఎంత ఎత్తు వచ్చిందో, ఎన్నాళ్లుందో లేదు. నీరు తీసిన తరువాత మనువు ఒంటరిగా మిగిలి, నెయ్యి, పెరుగు వంటివి నీటిలో వ్రేల్చగా ఇడ అనే స్త్రీ పుడుతుంది. యజ్ఞంలో ఇడ అనే హవిర్భాగం ఎందుకుందో చెప్పడానికే ఈ కథ అక్కడ వచ్చింది. వరద దానికి పూర్వరంగం మాత్రమే.

మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ఈ కథను ధర్మరాజుకు చెబుతాడు. అక్కడ చేప చీరిణీ నది ఒడ్డున దొరుకుతుంది. రెండు యోజనాల పొడవు, ఒక యోజనం వెడల్పు ఉన్న బావి కూడా దానికి చాలదు. సప్తర్షులు, విత్తనాలు ఓడ ఎక్కుతాయి. చేప తాను బ్రహ్మనని చెబుతుంది. మత్స్యపురాణంలో మనువు తపస్సు చేసేది మలయ పర్వతం మీద, చేప విష్ణువు. అక్కడ ముందు నూరేళ్ల అనావృష్టి, అగ్ని, ఆపైన ఏడు మేఘాల వర్షం. భాగవతం అష్టమ స్కంధంలో కథానాయకుడు ద్రవిడ దేశాధిపతి అయిన సత్యవ్రతుడు, నది కృతమాల. దీనిని మధురను ఒరుసుకుని పారే వైగైగా గుర్తిస్తారు. పోతన తెలుగు చేసిన మత్స్యావతార ఘట్టం ఇదే. ఇక్కడ ప్రళయం బ్రహ్మకు రాత్రి కావడం వల్ల వచ్చే నైమిత్తిక ప్రళయం. హయగ్రీవుడనే దానవుడు వేదాలను అపహరించడం కథలో చేరింది.

శతపథంలో అంకెలు లేవు. భారతంలో రెండు యోజనాల బావి. భాగవతంలో ఓడను లాగే మత్స్యం పొడవు నియుత యోజనాలు. నియుతమంటే లక్ష అని కొందరు, పది లక్షలని కొందరు. తక్కువ లెక్కే తీసుకుందాం. యోజనం పదమూడు కిలోమీటర్లనుకుంటే లక్ష యోజనాలు పదమూడు లక్షల కిలోమీటర్లు. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి చంద్రుని దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు. ఆ చేప భూమికి వంద రెట్లు పెద్దది. భూమ్మీద నీటిలో ఈదడానికి దానికి చోటే లేదు.

ఈ లెక్క పౌరాణికుణ్ణి ఎగతాళి చేయడానికి వేయలేదు. అతనికి ఈ సంగతి తెలియక కాదు, పట్టింపు లేక అలా చెప్పాడు. వినేవాడి చేతిలోని కొలబద్దను పక్కన పెట్టించడమే ఆ అంకె పని. మెసొపొటేమియా లేఖకుడు తాడు కొలత చెప్పి, "కావాలంటే లెక్క సరిచూసుకో" అన్నాడు. ఆదికాండ కర్త తేదీ వేసి పంచాంగాన్ని కథలో నిలబెట్టాడు. భాగవతకర్త నియుత యోజనాలని చెప్పి కొలతను కొలతతోనే కొట్టివేశాడు. ముగ్గురూ అంకెలే వాడారు. ముగ్గురి ప్రయోజనాలూ వేరు. అంకె కనిపించగానే అది ప్రకృతి పరిశీలన ఫలితమని అనుకోవడమే మన రెండు వర్గాలవారూ చేసే పొరపాటు.

ఏ ప్రజలు కథలో దేనిని నిలుపుకున్నారన్నది కూడా చూడాలి. తెలుగునాట మత్స్యావతారం అనగానే సోమకాసురుడు వేదాలను దొంగిలించడం, స్వామి చేపరూపంలో వాటిని తేవడం చెబుతారు. చాలా కథనాలలో ప్రళయం వెనక్కి తగ్గిపోయింది. తమిళనాడు సరిహద్దున నాగలాపురంలో వేదనారాయణస్వామి మత్స్యరూపంలో వెలిశాడు. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేర నిలిపిన ఊరు అది. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత తిరుపతి జిల్లాలో ఉంది. ఆ స్వామి పేరులో వేదం ఉంది, ఓడ లేదు. మరో పక్క తమిళ సంప్రదాయంలో, ఇరైయనార్ అగప్పొరుళ్ వ్యాఖ్య మొదలుకొని, పాండ్యుల నేలను కడలి మింగిన గాథ ఉంది. అక్కడ కూడా ప్రధానమైన బాధ పూర్వసంఘాల గ్రంథాలు పోయాయన్నదే. 1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే జంతుశాస్త్రజ్ఞుడు లీమర్ల విస్తరణను వివరించడానికి ఊహించిన లెమూరియా ఖండాన్ని ఈ గాథకు తరువాతివారు అతికించారు. ఖండాల చలన సిద్ధాంతం స్థిరపడ్డాక శాస్త్రానికి ఆ ఖండంతో అవసరం తీరిపోయింది. గాథకు మాత్రం అది అంటుకునే ఉంది. గ్రంథాలు పోయాయన్న దుఃఖాన్ని భూగోళ పటంగా మార్చితే పటం తప్పింది, దుఃఖం మరుగున పడింది.

5. రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం ఇలా ఉంటుంది. నోవహు కథను లెక్కతో ఖండించి, మన కథ దగ్గరకు వచ్చేసరికి కొలవకూడదంటున్నారు. ఇది పక్షపాతం కాదా? ఇది న్యాయమైన ప్రశ్న, జవాబు చెప్పి తీరాలి. మత్స్యకథను చారిత్రక సంఘటనగా ఎవరు ప్రతిపాదించినా పై లెక్క మొత్తం యథాతథంగా వర్తిస్తుంది. అందులో మినహాయింపు లేదు. సత్యవ్రతుడు తర్పణం విడిచిన వైగై తీరాన్నే తీసుకుందాం. మధుర సముద్రమట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తున ఉంది. ప్రపంచంలోని మంచంతా కరిగినా నీరు అక్కడికి రాదు. హిమయుగం ముగిశాక సముద్రం సుమారు 120 మీటర్లు పెరిగిన మాట నిజమే. దానికి వేల సంవత్సరాలు పట్టింది. సగటున ఏటికి ఒక సెంటీమీటరు. ఏడు రోజులలో మూడు లోకాలు మునిగే కథకు అది ఆధారం కాజాలదు. మరో పక్క, నోవహు కథను కూడా ఇక్కడ కేవలం ఖండించి వదలలేదు. అందులోని అంకెల అమరిక ఎంత నిశితమైనదో పైన చూశాం. ఒకే తరగతిలో ఆదికాండం చదివి పెరిగిన విద్యార్థి, మత్స్యావతారం విని పెరిగిన విద్యార్థి, రెండూ నమ్మని విద్యార్థి పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరి గ్రంథానికి త్రాసు, మరొకరి గ్రంథానికి హారతి పట్టే అధ్యాపకుడు ముగ్గురికీ అన్యాయం చేసినవాడవుతాడు.

రెండవ అభ్యంతరం హేతువాదులది. జరగని కథ అని మీరే ఒప్పుకున్నాక ఇక చదవడం దేనికని వారడుగుతారు. వారి లెక్కతో మనకు పేచీ లేదు. లెక్క అయిపోయిన చోట ప్రశ్నలు అయిపోయాయని అనుకోవడంతోనే పేచీ. అత్రహసిస్‌లో మనుషులు పెరిగిపోయి చేసే గోల భరించలేక దేవతలు ప్రళయం తెస్తారు. మనుషులు పోయాక నైవేద్యం పెట్టేవారు లేక ఆకలితో అలమటిస్తారు. ఆదికాండంలో దౌర్జన్యానికి శిక్షగా ప్రళయం వస్తుంది. శతపథంలో కారణమే లేదు. భాగవతంలో అది కాలధర్మం. ఒకే వరదకు నాలుగు సమాజాలు నాలుగు సమాధానాలు చెప్పుకున్నాయి. దైవం న్యాయమైనదా, మనిషి అపరాధా, విపత్తుకు అర్థం ఉందా అన్న విచారణ అది. భౌతికశాస్త్రం ఆ ప్రశ్నలను కొట్టివేయలేదు. అవి దాని పరిధిలోవి కావు.

పురాణంలో సైన్సు వెతికేవారితో చెప్పవలసిన మాట మరొకటి ఉంది. శాస్త్రం నేటి సిద్ధాంతాన్ని రేపు సవరించుకుంటుంది. కథను ఆ సిద్ధాంతానికి కట్టివేస్తే దానితోపాటు కథ కూడా కూలుతుంది. ఆవిరిపొర వాదంతో కథను నిలబెట్టాలని చూసినవారికి జరిగింది అదే. నేల విడిచి సాము చేసి కథను కాపాడవలసిన అవసరం లేదు. వేల సంవత్సరాలుగా అది తన కాళ్లమీద తానే నిలిచింది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలినవి ఇవి. విశ్వవ్యాప్త జలప్రళయం భౌతికంగా అసంభవం. భూమి, చెట్టు, మంచు, పురాతన నగరాలు అది జరగలేదనే చెబుతున్నాయి. స్థానిక వరదలు కథకు ప్రేరణ అయివుండవచ్చు. ఫలానా వరదే అని నిరూపించే సాక్ష్యం లేదు. కథలోని అంకెలు ఒక్కొక్క సంప్రదాయంలో ఒక్కొక్క పని చేస్తున్నాయి. ఆ పనిని గుర్తించడం విమర్శకుని బాధ్యత.

అన్ని రూపాంతరాలలోనూ మారుతూ వచ్చిన మరో అంశం ఓడలో ఎక్కించినదేమిటన్నది. ఒకచోట జంతువుల జంటలు. ఒకచోట శిల్పులు, పనివారు కూడా. ఉత్నపిష్టిం తనవారితోపాటు వారిని ఎక్కించుకున్నాడు. ఒకచోట విత్తనాలు, ఋషులు. ఒకచోట ఒంటరి మనిషి. కథను తెలుగు ప్రజ చెప్పుకున్నప్పుడు తిరిగి దక్కించుకోవలసినది వేదమైంది, అంటే వాక్కు. అంతా మునిగిపోతున్నప్పుడు ఏది మిగలాలని ఒక సమాజం కోరుకుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. "ఇది నిజంగా జరిగిందా?" అని అడిగిన విద్యార్థికి "జరగలేదు" అని స్పష్టంగా చెప్పాలి. ఆ వెంటనే, అయితే ఓడలో ఏమేం ఎక్కించారో చదివి రమ్మని నాలుగు గ్రంథాలూ చేతికివ్వాలి.